గుండ్లెక్కే బండి

బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా అప్పుల కాగితాలు చూస్తున్నాను. ఆవులకు ఇచ్చాం, పట్టుపురుగుల షెడ్లకు ఇచ్చాం, బోరుబావులకు ఇచ్చాం, టమేటా తోలే లారీలకు ఇచ్చాం. రోడ్డు మీదికి రాకూడని, సరుకు మొయ్యని, గంటకు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండికి డబ్బు కావాలని మాత్రం 2022 దాకా నన్నెవరూ అడగలేదు. అడిగినవాడు మా మేనల్లుడు. అడిగింది అప్పు కూడా కాదు, వాడి సొంత డబ్బు.

ఆ డబ్బు సంగతి ముందే చెప్పాలి. మా చెల్లెలి భర్త 2009లో చెరువుకట్ట వాలులో ట్రాక్టరు తిరగబడి పోయాడు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్లు. వచ్చిన ఇన్సూరెన్సు సొమ్ము నేనే ఫిక్సెడ్ డిపాజిట్ వేయించి, గడువు తీరినప్పుడల్లా తిరిగి వేయిస్తూ వచ్చాను. వాడు మెకానికల్ డిప్లొమా చదివి నరసాపురం పారిశ్రామికవాడలో ఉద్యోగంలో చేరాక, "ఇక నీ ఇష్టంరా" అని రసీదు చేతికిచ్చాను. ఆరునెలలు తిరక్కుండానే వచ్చి, "మామా, రెండు లక్షల డెబ్బై అయిదు వేలు తీస్తాను, బండి చేసుకుంటాను" అన్నాడు.

"కొనుక్కుంటావా?"

"కొనేది కాదు, చేసేది. గుండ్లెక్కే బండి."

చింతామణి చుట్టుపక్కల పుట్టినవాళ్లకు గుండ్లంటే చెప్పనక్కరలేదు. మా ఊరి వెనక కొండంతా ఏనుగులు పడుకున్నట్టు నల్లరాతి గుండ్లే. మా నాయన ఆ కొండకింద మూడెకరాలు కొని, అందులో ఎకరంన్నర రాళ్లేనని జీవితాంతం బాధపడ్డాడు. మనవడికి అదే బంగారుగని అయింది.

ఇదేదో వీడికి పుట్టిన పిచ్చి కాదు. అమెరికాలో పెద్ద వేడుకే. రెండో ప్రపంచయుద్ధం కోసం 1941లో విల్లీస్ కంపెనీ తయారుచేసిన జీపు యుద్ధం ముగిశాక రైతుల చేతికీ, వేటగాళ్ల చేతికీ వచ్చింది. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో రూబికాన్ దారి అని ఒక రాళ్లబాట ఉంది. 1953లో అక్కడ జీపులవాళ్లంతా కలిసి జాతరలాగా బయలుదేరారు, అది ఏటేటా సాగింది. యూటా రాష్ట్రంలో మోయబ్ అనే ఊళ్లో 1967 నుంచి ఈస్టరు పండక్కి ఇలాంటిదే జరుగుతోంది. రానురాను జీపు ఒళ్లు తీసేసి, ఇనుప పైపుల పంజరంలో ఇంజనూ రెండు సీట్లూ పెట్టి రాళ్లెక్కించడం మొదలైంది. దాన్నే బగ్గీ అంటున్నారు. 2007 నుంచి కాలిఫోర్నియా ఎడారిలో వీటికి 'కింగ్ ఆఫ్ ద హామర్స్' అనే పెద్ద పందెమే నడుస్తోంది. మనదేశంలో కూడా అడవుల్లో, బురదలో, రాళ్లలో బండ్లు నడిపే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీ 2014లో గోవాలో మొదలైంది. అక్కడివాళ్లు లక్షలు, కోట్లు పోస్తారు. మావాడిది మూడు లక్షల లోపు సంసారం.

సరే, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది? "ఎస్టిమేటు రాసుకుని రా" అన్నాను. రాసుకొచ్చాడు. పాత జీపు ఎనభై అయిదు వేలు, పైపులు, వెల్డింగు, టైర్లు, స్ప్రింగులు, అన్నీ ఉన్నాయి. అనుకోని ఖర్చులకు ఒక్క రూపాయి లేదు. అది చూడగానే ఈ లెక్క నిలవదని తెలిసిపోయింది. ఇల్లు కట్టేవాళ్లూ ఇదే తప్పు చేస్తారు.

మా చెల్లెలు మాత్రం లెక్క అడగలేదు. ఒక్క మాటే అడిగింది.

"అన్నా, అది తిరగబడితే?"

నా దగ్గర జవాబు లేదు. వాడి దగ్గర ఉంది. కానీ వాడు తల్లికి మాటల్లో చెప్పలేదు, చేసి చూపిస్తానన్నాడు. నాకు మాత్రం ఒక సాయంత్రం కాగితం మీద బొమ్మ వేసి వివరించాడు. బండి తిరగబడటాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరట. తిరగబడ్డప్పుడు మనిషి చుట్టూ ఉన్న జాగా నలగకుండా ఉండాలి, మనిషి ఆ జాగాలోంచి బయటికి పడకుండా ఉండాలి. ఒకటి పంజరం పని, ఇంకొకటి బెల్టు పని. ఒకటుండి రెండోది లేకపోతే ప్రయోజనం లేదు. బెల్టు లేనివాడు బయటికి పడితే అదే పంజరం వాడిమీద పడుతుంది.

"నాయన ట్రాక్టరుకు రెండూ లేవు మామా" అన్నాడు. ఇన్నేళ్లలో వాడు ఆ సంగతి నాతో ఎత్తడం అదే మొదటిసారి. నేను విత్‌డ్రాయల్ ఫారం తీసి ఇచ్చాను.

పాత జీపు కోలారు దగ్గర ఒక తోటలో దొరికింది. విల్లీస్ నమూనాదే. మహీంద్రావాళ్లు 1947 నుంచి మనదేశంలో కూర్చి అమ్మినవి ఆ జాతివే. ఇది పెట్రోలు బండిగా పుట్టింది, మధ్యలో ఎవరో డీజిలు ఇంజను వేయించారు. గేర్‌బాక్సు, దాని వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులు మాత్రం పాతవే. మేనల్లుడు కిందపడుకుని ఇరుసులు తడుముతుంటే నేను కాగితాలు తడిమాను. ఆర్.సి.లో ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్నది ఒకటి. పైగా ఎప్పుడో తీరిపోయిన అప్పుకు హైపోథికేషన్ ఇంకా రాసే ఉంది. అప్పు తీర్చినవాడు బ్యాంకు నుంచి ఎన్.ఓ.సి. తెచ్చి ఆర్.టి.ఓ.లో కొట్టేయించుకోవాలి. సగంమంది ఆ పని చేయరు, నలభై ఏళ్ల తర్వాత ఇలా పట్టుబడతారు. అమ్మినాయన చేత ఆ పని పూర్తిచేయించి, రిజిస్ట్రేషను రద్దు చేయించాకే డబ్బిచ్చాం. మూడు నెలలు పట్టింది. వాడికి విసుగొచ్చింది, నాకు రాలేదు.

రిజిస్ట్రేషను ఎందుకు రద్దు చేయించాలని కొందరికి అనిపించవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారుచేసిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇలాంటి పంజరం బండి రోడ్డెక్కితే నేరమే. సొంత పొలంలో నడుపుకోవాలి, వేరేచోటికి తీసుకుపోవాలంటే లారీ మీద ఎక్కించుకుపోవాలి. కుర్రవాళ్లున్న ఇళ్లలో ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇక ఆ బండిలో ఉన్న గుట్టు. నేను కామర్సు చదివినవాణ్ణి, అయినా ఇది గుణకారమే కాబట్టి అర్థమైంది. ఆ జీపు మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8. ట్రాన్స్‌ఫర్ కేసులో తక్కువ గేరు 2.46. ఇరుసులో పళ్లచక్రాల నిష్పత్తి 5.38. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. యాక్సిలరేటరు ముట్టకుండా ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే, ముప్ఫై అంగుళాల టైరుతో బండి గంటకు మూడు కిలోమీటర్ల లోపే నడుస్తుంది. చంటిపిల్లవాడు పాకే వేగం. కానీ చక్రం దగ్గర బలం ఆమేరకు పెరుగుతుంది. రాయిమీద గంతువేసి ఎక్కడం కాదు, రాయిని పట్టుకుని పాకడం. అమెరికా బండ్లలో ఈ లెక్క నూరు దాటుతుందట. రెండో ట్రాన్స్‌ఫర్ కేసు జతచేద్దామని వీడూ అన్నాడు. ధర కనుక్కుని 37 చాలన్నాను.

రెండో గుట్టు డిఫరెన్షియల్‌ది. మామూలు బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి ఇరుసు మధ్యలో ఆ ఏర్పాటు పెట్టారు. రాళ్లలో అదే శత్రువు. ఒక చక్రం గాలిలోకి లేస్తే బలమంతా దానికే పోయి అది ఊరికే గిర్రున తిరుగుతుంది, నేలమీద ఉన్న చక్రం కదలదు. దీన్ని బిగించే పరికరాలు వేలకు వేలు. పేదవాడి మందు ఏమిటంటే, లోపలి చిన్న పళ్లచక్రాలను వెల్డింగు చేసి కట్టేయడం. ఇక రెండు చక్రాలూ ఒకటిగానే తిరుగుతాయి. బండి తేలిగ్గా మలుపు తిరగదు, టైర్లు అరుగుతాయి, ఒక్కోసారి ఇరుసుకడ్డీ పుటుక్కున తెగుతుంది. అందుకని వెనక ఇరుసుకు మాత్రమే అలా చేసి, ముందుది వదిలేశాడు. ఇప్పటికి రెండు కడ్డీలు తెగాయి. మూడోది ముందుగానే కొని పెట్టుకున్నాడు.

సామాను వేట అంతా బెంగుళూరులోనే. శివాజీనగర్ గుజరీ, జె.సి. రోడ్డు చుట్టూ నాతోపాటు ఎన్ని శనివారాలు తిరిగాడో లెక్కలేదు. పాత సామాను బేరంలో నేను పనికిరానని రెండోవారానికే తేలిపోయింది. నా చేతిలో డైరీ, జేబులో పెన్ను చూడగానే ధర పెంచేవారు. ఆ తర్వాత నన్ను టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి వాడొక్కడే లోపలికి పోయేవాడు.

పంజరం దగ్గరే అసలు పేచీ వచ్చింది. ట్రాక్టరు ట్రాలీలు చేసే మేస్త్రీ ఒకాయన మాకు బాగా తెలుసు, చేతిపని గొప్పది. ఆయన షెడ్డులోనే మొదలుపెట్టారు. "నీళ్ల పైపు వేద్దాం సార్, సగం ధర. ఇసుక కూరి, ఎర్రగా కాల్చి వంచేస్తే ఎట్లంటే అట్ల తిరుగుతాది" అన్నాడాయన. మేనల్లుడు ససేమిరా అన్నాడు. మోటారు పందేలకు నియమాలు రాసే ఎఫ్.ఐ.ఏ. అనే అంతర్జాతీయ సంస్థ పంజరాలకు లెక్కలు చెప్పిందట. అతుకు లేకుండా చల్లగా లాగి చేసిన ఉక్కు పైపు కావాలి. మనిషి వెనక నిలిచే ముఖ్యమైన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం కనీసం ఉండాలి. కాల్చకుండా చల్లగానే వంచాలి. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి మూడింతలకు తగ్గకూడదు. కాల్చి వంచితే వంపు దగ్గర గోడ పలచబడుతుంది, ముడతపడుతుంది, ఉక్కు గుణం కూడా మారుతుంది.

మేస్త్రీకి కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ల పనివాడికి పాతికేళ్లవాడు పాఠం చెబితే రాదా మరి? నేను మధ్యలో దూరి, ఒక పైపుముక్క ఆయన పద్ధతిలో, ఒకటి హైడ్రాలిక్ యంత్రం మీద వంచి, రెండూ రంపంతో కోసి చూద్దామన్నాను. కోశారు. ఆయన రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని వేలితో మందం తడిమి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి టీ చెప్పాడు. మర్నాటి నుంచి వాడికన్నా ఆయనకే పట్టుదల ఎక్కువైంది. పైపులన్నీ బెంగుళూరు పంపి వంపించాం. మూడు మిల్లీమీటర్ల మందం దొరికితే అదే తీసుకున్నాం. మీటరు మూడు కిలోల పైచిలుకు తూగింది, నలభై అయిదు మీటర్లు పట్టింది.

అతికే పద్ధతిలో కూడా ఒక క్రమం ఉంది. ముందు అన్నిచోట్లా బొట్టు బొట్టుగా అంటించి, కొలతలు సరిచూసుకుని, ఆ తర్వాత ఈ మూల కొంచెం ఆ మూల కొంచెం పూర్తిచేస్తూ పోవాలి. ఒకేవైపు గబగబా పోసేస్తే వేడికి పంజరమంతా మెలితిరుగుతుంది. చదరాలన్నిటికీ ఐమూలగా ఒక పైపు వేసి త్రిభుజాలు చేశారు. చదరం పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. మన పెంకుటింటి దూలాలకు కూడా అదే కదా. తల తగిలే చోట పైపులకు మెత్త కట్టారు. జీపులో డ్రైవరు సీటు కిందే ఉండే డీజిలు ట్యాంకును వెనక్కు మార్చారు.

ఎత్తు దగ్గర నేనే అడ్డుపడ్డాను. బండి ఎంత ఎత్తుంటే రాళ్లు అంత తగలవు. కానీ బరువు కూడా పైకి పోతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి ఎంత వాలుదాకా నిలుస్తుందో తెలుస్తుందని వాడే చెప్పాడు. వెడల్పు 125 సెంటీమీటర్లు, కేంద్రం ఎత్తు 70 అనుకుంటే సుమారు 42 డిగ్రీలు. అదే కేంద్రం 85కు పోతే 36. నా టాంజెంటు పదో తరగతితో సరి. అయినా ఆరు డిగ్రీలు పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. స్ప్రింగులను ఇరుసు మీదికి మార్చే పని మానుకుని, చక్రాలను బయటికి జరిపి వెడల్పు పెంచాడు.

పద్దెనిమిది నెలలు పట్టింది. ఖర్చు 4,19,500. ఎస్టిమేటు మీద 1,44,500 ఎక్కువ, నూటికి 52 పైచిలుకు. ఇంజను మరమ్మతు, స్టీరింగు, నాలుగు చక్రాల బ్రేకులు, ఇవన్నీ ఎస్టిమేటులో "చిల్లర" అని ఉన్నవే. ఈ మొత్తంలో సీట్లు, నాలుగు పట్టీల బెల్టులు, మంటలార్పే సిలిండరు, హెల్మెట్లు కలిపి 38,000. తగ్గించుకుందామని వాడు ఒకసారి అన్నది దీన్నే. నేను ఒప్పుకోలేదు. టైర్లు కావాలంటే పాతవి వేసుకోమన్నాను, వేసుకున్నాడు.

2024 సంక్రాంతికి అందరం ఊళ్లో ఉన్నాం. కనుమనాడు పొద్దున బండిని కొండకిందకు తెచ్చారు. ముందుగా టైర్లలో గాలి 28 పౌండ్ల నుంచి 10కి దించాడు. గాలి తగ్గితే టైరు రాయిమీద చపాతీలాగా పరుచుకుని పట్టు పెరుగుతుందట, మరీ తగ్గిస్తే రిమ్ము నుంచి ఊడుతుంది. దారి చూపడానికి ముందు నిలబడేవాడు ఒక్కడే ఉండాలి. పదిమంది పది సైగలు చేయకూడదు. స్టీరింగు లోపలికి బొటనవేళ్లు పెట్టకూడదు, చక్రం రాయికి తగిలితే స్టీరింగు విసురుగా తిరిగి వేలు విరుస్తుంది. బండి ఒరుగుతున్నా చెయ్యి బయటికి చాపకూడదు. మనిషి సహజంగా చేసే పని అదే, చేతులు నలిగేదీ అందుకే.

మా చెల్లెలు రానంది. చివరికి వచ్చి, దూరంగా చింతచెట్టు కింద నిలబడింది.

మొదటి గుండు, రెండో గుండు ఎక్కింది. చప్పుడు తక్కువ, వేగం లేదు. ఊరి పిల్లలు "ఇంతేనా?" అన్నారు. మూడో గుండు మీద వెనక కుడిచక్రం పైకెక్కి ఆగింది, ఎడమ చక్రం కింద మట్టి జారింది. బండి కోళ్లగంప ఒరిగినట్టు మెల్లగా ఎడమవైపు ఒరిగింది. చాలాసేపు ఒరుగుతున్నట్టే ఉంది. తర్వాత దబ్బున పడి, ఇంకా సగం చుట్టు దొర్లి, చక్రాలు పైకి పెట్టి ఆగింది.

నేను పరుగెత్తలేదు. కాళ్లు కదలలేదు. మా చెల్లెలు పరుగెత్తింది. చెట్టు దగ్గరనుంచి అందరికన్నా ముందు చేరింది ఆమే.

ఇంజను ఆగిన చప్పుడు వినబడింది. డీజిలు ఇంజను తలకిందులైతే తన ఆయిలునే తాగి ఆగకుండా పరుగెత్తే ప్రమాదముంది, అందుకని వాడు ముందు ఆపే కేబులు లాగాడు, ఆ తర్వాత బ్యాటరీ స్విచ్చి. బెల్టులకు గబ్బిలంలాగా వేలాడుతూ, "అమ్మా, దగ్గరికి రావద్దు, రెండు నిమిషాలుండు" అన్నాడు. ఒక చెయ్యి పైకప్పు పైపుకు ఆనించి, రెండో చేత్తో బెల్టు విప్పుకుని, పాకుతూ బయటికొచ్చాడు. భుజాల మీద పట్టీల వాతలు తప్ప ఏమీ లేదు. పంజరం ఎడమ పైపు మీద గీతలు, ఒకచోట వేలెడు సొట్ట.

మా చెల్లెలు వాణ్ణి ముట్టుకోలేదు. పంజరాన్ని ముట్టుకుంది. పైపులన్నీ ఒకటొకటిగా పట్టి ఊపి చూసింది. సీటుకూ కప్పుకూ మధ్య ఉన్న జాగాలో చెయ్యి పెట్టి చూసింది.

బండిని నిలబెట్టడానికి మా పెద్దనాయన కొడుకు తన ట్రాక్టరు తెచ్చాడు. తాడు కట్టి లాగుతుంటే ఆమె ట్రాక్టరు వైపే చూస్తూ ఉంది. తర్వాత కొడుకును అడిగింది, "ఇట్లాంటిది ట్రాక్టరుకు ఏస్తారా?"

"ఏస్తారమ్మా."

"ఎప్పట్నుంచి?"

వాడు నావైపు చూశాడు. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఈ కమాను తప్పనిసరి చేసింది, అక్కడ తిరగబడి చచ్చిపోయేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఆ సంగతి వాడు నాకు ఎప్పుడో చెప్పాడు. తల్లికి "చాలా ఏండ్లయిందమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు మళ్లీ బండి ఎక్కలేదు. తిరగబడిన ఇంజనును వెంటనే స్టార్టు చేయకూడదు, సిలిండర్లలోకి ఆయిలు దిగి ఉంటే కడ్డీలు వంగిపోతాయి. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి, ఆయిలు బయటికి కక్కించి, రెండు రోజుల తర్వాత స్టార్టు చేశారు. సొట్టపడిన పైపును సరిచేయకుండా కోసేసి కొత్తది వేశారు. ఒకసారి దెబ్బతిన్నదాన్ని మళ్లీ నమ్మకూడదన్నాడు మేస్త్రీ.

పండగ వెళ్లిన పదిహేను రోజులకు మా పెద్దనాయన కొడుకు నాకు ఫోను చేశాడు. "అన్నా, మీ చెల్లెలు నన్ను నిలవనీయడం లేదు, ట్రాక్టరుకు ఆ కమాను వేయించుకునేదాకా మా పొలం దున్నొద్దంటాది. మీ అల్లుడేమో మేస్త్రీ దగ్గర చేయించొద్దు, బిగించే చోట బలం లెక్కకు రాకపోతే ఉండీ లేనట్టే, కంపెనీదే వేయించు అంటాడు. బెల్టు కూడా ఉండాలంట. ఎంతవుతాదో ఏమో."

డీలరు దగ్గర కొటేషను తెచ్చుకుని బ్యాంకుకు రమ్మన్నాను.